కడ్డీకి చెంబెడు నీళ్లు

మొన్న దసరా సెలవుల్లో మా అల్లుడు రఘు బెంగళూరు నుంచి హిందూపురానికి కారు వెనక ఒక ఇల్లు తగిలించుకుని వచ్చాడు. ఇల్లంటే నిజంగా ఇల్లే. లోపల రెండు మంచాలు, ఒక గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్జు, చేతులు కడుక్కునే తొట్టి, కూర్చుంటే మోకాళ్లు తలుపుకు తగిలే బాత్రూము. అన్నిటికీ కింద రెండు చక్రాలు. ట్రైలరు అంటారట, అద్దెకు తెచ్చారట. మా అమ్మాయి సుజాత దాన్ని నాకు పెళ్లికొడుకును చూపించినంత గొప్పగా చూపించింది. "పెనుకొండలో కొండ కింద క్యాంపింగ్ గ్రౌండు పెట్టినారంటమ్మా. రెండు దినాలు ఆడ ఉండొస్తాం, నువ్వు కూడా రావాల" అంది. సొంత ఇల్లు పెట్టుకుని రేకు డబ్బాలో పడుకోవడం ఎందుకని అడిగాను. "అదే కదమ్మా ఎంజాయ్‌మెంటు" అంది. నా చిన్నతనమంతా ఎంజాయ్‌మెంటేనని నాకు అరవై దాటాక తెలిసింది.

పెనుకొండ చేరేసరికి వాన కురిసి కాస్త తెరిపిచ్చింది. కొండ కింద నేల చదును చేసి, ట్రైలర్లు నిలపడానికి చోట్లు కట్టారు. ఒక్కో చోట నడుమెత్తు స్తంభం, దానికొక పెట్టె, పెట్టెలో ప్లగ్గు గుచ్చే చోటు, పక్కన, కరెంటు ఎక్కడైనా తప్పుదారి పడితే తనంతట తానే ఆపేసే ట్రిప్పరు. రఘు లావాటి కేబులు చుట్ట విప్పి ఒక కొస స్తంభానికి, ఇంకో కొస ట్రైలరుకు గుచ్చాడు. నేను మెట్టెక్కే ముందు చేతి వెనకవైపు వేళ్లతో తలుపును తాకి చూశాను. "ఏందత్తా, దండం పెట్టుకుంటాండారా?" అని నవ్వాడు రఘు. వాళ్లింట్లో ఫ్రిజ్జు తలుపు తీసే ముందు కూడా నేను అట్లాగే చేస్తాను. ఫ్రిజ్జంటే నాకు భక్తి అని అతను చాలాకాలంగా అనుకుంటున్నాడు. అరచేత్తో పట్టుకుంటే కరెంటు చేతిని పట్టేసుకుంటుందని, వెనకవైపు తాకితే విదిలించి కొడుతుందని మా అవ్వ నేర్పింది. నేర్పిన మనిషి పోయి నలభై ఏళ్లు దాటినా ఆ చెయ్యి మాత్రం తనంతట తానే తిరుగుతుంది.

ఆ రోజు తలుపు నా చేతిని ఏమీ అనలేదు. కానీ లోపల దీపాలు వేయగానే స్తంభం పెట్టెలో టక్కుమని ట్రిప్పరు పడిపోయింది. రఘు మళ్లీ ఎత్తాడు. మళ్లీ పడింది. గ్రౌండు చూసుకునే మేనేజరు, పాతికేళ్ల అబ్బాయి, గొడుగు వేసుకుని వచ్చాడు. "ఆ ట్రిప్పరు శానా సెన్సిటివ్ సార్. వాన పడితే ఇట్లనే సతాయిస్తాది. దాన్ని తప్పించి డైరెక్టు ఇచ్చేస్తా, నిమ్మళంగా పండుకోండి" అన్నాడు. ప్రయాణపు అలసటలో ఉన్న రఘు సరేననబోయాడు. మా మనవరాలు మిన్ను అప్పటికే తడి కాళ్లతో మెట్టు మీద ఒక అడుగు పెట్టింది. నేను దాని రెక్క పట్టుకుని దించేశాను. మడత కుర్చీ ఒకటి లాక్కుని ఆ తుంపరలోనే బయట కూర్చున్నాను. "డైరెక్టు ఇస్తే నేను ఎక్కను. పాపనూ ఎక్కనియ్యను" అన్నాను. ఎక్కనన్న ఆ మాట నేను ఇంతకు ముందు కూడా ఒకసారి అన్నాను. ఇదే పెనుకొండలో, ఇలాంటి వానలోనే. అప్పుడు నాకు మిన్ను వయసు.

మా నాయనకు రంగులరాట్నం ఉండేది. నాలుగు ఊయలలున్న కొయ్య రాట్నం, ఇద్దరు మనుషులు చేత్తో తిప్పేది. పంటలు ఇంటికి చేరాక పరసలు మొదలయ్యేవి. మా వైపు జాతరను పరస అంటాం. మడకశిర, లేపాక్షి, బుక్కపట్నం, ధర్మవరం, పెనుకొండ ఉరుసు, ఇలా ఒకదాని వెనక ఒకటి. రాట్నం లారీలో పోయేది, మేము లారీ వెనక తగిలించిన డబ్బాలో పోయేవాళ్లం. డబ్బా అంటే ఎవరో అమ్మేసిన ట్రాక్టరు ట్రైలరు మీద నాయన హిందూపురంలో రేకులు కొట్టించిన గది. తలుపు రేకుదే, పిడి ఇనుముదే. లోపల పలకల మంచం మీద అమ్మా, తమ్ముడూ, కింద బొంత మీద అవ్వా, నేనూ. నాయన బయట రాట్నం కింద పడుకునేవాడు. రాట్నాన్ని ఎవరైనా ఎత్తుకుపోతారని ఆయన భయం. దాన్ని ఎత్తడానికి పదిమంది కావాలని ఎవరూ ఆయనకు చెప్పలేదు.

ఇప్పటికీ వాన తడిసిన రేకు వాసన వస్తే నాకు ఆకలేస్తుంది. ఆ వాసనలోనే కిరసనాయిలు పొయ్యి మీద సంగటి కెలికేది అమ్మ. సంగటిలో నంజుకునే చెనిక్కాయల ఊరిబిండి నూరే రోలు డబ్బాలో పట్టక, చక్రం పక్కన నేల మీద ఉండేది. రాట్నం ఇరుసుకు పూసే గ్రీజు, అవ్వ నోట్లోని ఆకువక్క, తమ్ముడి ఊయల గుడ్డ, అన్నీ కలిసి ఒకే వాసన. పక్కన బొరుగుల అంగడి పడితే ఆ వారమంతా పోపు వాసన, గాజుల అంగడి పడితే ఏ వాసనా లేదు, అందుకని నాకు గాజుల వాళ్లంటే చిన్నచూపు. అవ్వ పొద్దున లేవగానే మొహం కూడా కడగకుండా డబ్బా చుట్టూ ఒక చుట్టు తిరిగేది. నాలుగు వైపులా రేకును చేతి వెనకవైపుతో తాకేది. జ్వరం చూసేటప్పుడు నా నుదురు కూడా అట్లాగే తాకేది. జ్వరానికీ కరెంటుకూ ఆమె దగ్గర ఒకటే పరీక్ష.

పరసల్లో అందరికీ కరెంటు ఇచ్చే మనిషి ఖాదరు. ఆయన కూడా మాతో పాటే ఊరూరూ తిరిగేవాడు. వెదురు కట్టెతో రెండు వైర్లను పైన లైనుకు తగిలించి, అక్కడి నుంచి అంగళ్లన్నిటికీ పాయలు పాయలుగా ఇచ్చేవాడు. మా డబ్బా రేకుకు మేకుతో బొక్క కొట్టి, అందులోంచి వైరు లోపలికి తోస్తే, ఒక బల్బు, ఒక చిన్న ఫ్యాను. అంతే మా వైభవం. ఆ బొక్క అంచు కత్తిలా ఉండేది. డబ్బా కదిలినప్పుడల్లా వైరు తొడుగును కాస్త కాస్త కోసేది. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు, మా మేకకు తప్ప. మేక పేరు చుక్క. నాకోసం, నా పాలకోసం అవ్వ పెంచింది. మడకశిరలో ఒక వానరోజు దాన్ని డబ్బా కొక్కేనికి ఇనుప గొలుసుతో కట్టేసి ఉంటే, నిలబడింది నిలబడినట్టే చచ్చిపోయింది. కింద పడను కూడా లేదు, గొలుసు ఆపింది. నేను దానికి చాలాసేపు ఆకు తినిపించడానికి చూశాను.

ఖాదరు వచ్చి చూసి, "రేకుకు తగులుకోనుండాది అవ్వా. ఒక ఇనప కడ్డీ భూమిలో పాతి, డబ్బాకు వైరుతో కట్టింటే, ఫ్యూజు కొట్టేసి ఆగిపోతాండె" అన్నాడు. ఏదో సానుభూతికి అన్న మాట. చెప్పిన పాపానికి ఆయన ఎన్నేళ్లు అనుభవించాడో తలుచుకుంటే నవ్వొస్తుంది. అవ్వ ఆ పూటే రాట్నంలోంచి తీసేసిన పాత ఇనుప చువ్వ ఒకటి పట్టుకుంది. ఎట్లా పాతాలి అంటే, గుంత తీసి రాళ్లుప్పు, బొగ్గులు వేసి మధ్యలో దించాలన్నాడు ఖాదరు. నేల ఎండితే పని చేయదు, నీళ్లు పోస్తూ ఉండాలన్నాడు. అవ్వ ఇవన్నీ నోము విధానం విన్నట్టు విన్నది. కరెంటంటే ఏమిటో ఆమెకు తెలియదు. దానికి దాహమవుతుందని, భూమిలో నీళ్లు దొరక్కపోతే మేకల్లోకి, పిల్లల్లోకి వస్తుందని ఆమె నమ్మకం. నమ్మకం తప్పు, చేసిన పని ఒప్పు. ఆ రోజు నుంచి ఏ ఊరిలో డబ్బా ఆగినా ముందు కడ్డీ దిగాలి. ఆ తర్వాతే పొయ్యి, పొయ్యి తర్వాతే మనుషులు.

రోజూ దీపాల వేళకు అవ్వ చెంబుతో నీళ్లు తీసుకుపోయి కడ్డీకి పోసేది. పోస్తూ పోస్తూ, ఇనుము ఉత్తగా నిలబడితే బాగుండదని ఒకనాడు పసుపు రాసింది. ఇంకోనాడు కుంకుమ బొట్టు పెట్టింది. దానితో చిక్కేమీ లేదు. చిక్కంతా ఫ్యూజుతో వచ్చింది. వాన చినుకు పడితే చాలు, రేకుకు తగిలిన కరెంటు కడ్డీ గుండా భూమిలోకి దూకేది, స్తంభం మీద ఫ్యూజు టప్పున పోయేది. సగం పరస చీకటైపోయేది. ఖాదరు తిట్టుకుంటూ స్తంభం ఎక్కేవాడు. బొరుగులాయన, గాజులాయన నాయన మీద పడేవాళ్లు. "మీయమ్మ కడ్డీతోనే కదప్పా ఈ పీడ. పీకి పారెయ్" అనేవాళ్లు. వైరు మార్చాలని ఎవరికీ తోచలేదు. ఫ్యూజు పోవడం కడ్డీ తప్పని ఊరంతా తీర్మానించుకుంది. చివరికి నాయన కూడా ఒక తీర్మానానికి వచ్చాడు. ధర్మవరం పరస కాగానే అవ్వను హిందూపురంలో మా మేనత్త ఇంట్లో దించేయాలని, ఇక తిప్పుకోవడం కుదరదని అమ్మతో చెప్పాడు. నేను బొంత మీద నుంచి విన్నాను. అవ్వ కూడా పక్కనే పడుకుని విన్నది. నా మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి లేకుండా నాకు నిద్ర రాదని నాయనకు తెలియదు.

ధర్మవరంలో మా డబ్బా మగ్గాల వీధి చివర ఆగింది. అవ్వ ఎప్పటిలాగే కడ్డీ దించి, ఉప్పు, బొగ్గులు వేసి, పసుపు పూసి, బొట్టు పెట్టి, నీళ్లు పోసింది. ఎదురింట్లో నాగమ్మ అని ఒకామె, మగ్గం దిగి నడుం సాగదీసుకోవడానికి బయటికి వచ్చి ఇదంతా చూసింది. "ఏ దేవరవ్వా ఈమె?" అని అడిగింది. అవ్వ నోటి నిండా ఆకువక్క ఉంది. ఊయడానికి బద్ధకించి ఊరికే తల ఊపింది. మర్నాడు నాగమ్మ తానే ఒక బిందెడు నీళ్లు తెచ్చి పోసింది. ఉప్పు వేస్తారు కదా అని గుప్పెడు ఉప్పు కూడా తెచ్చింది. ఆ సాయంత్రం ఆమె కొడుక్కు ఎన్నాళ్లుగానో వదలని దగ్గు తగ్గింది. ఇంకేం, వీధి వీధంతా బిందెలతో దిగింది. ఉప్పమ్మ అని పేరు కూడా వాళ్లే పెట్టుకున్నారు. పట్టు దారాల చుట్టలు తెచ్చి ఆమెకు చూపించి మగ్గానికి ఎక్కించేవాళ్లు.

"నిజం చెప్పెయ్యమ్మా, ఇది పాపం" అన్నాడు నాయన. "నేనేం అబద్ధం చెప్పినానప్పా? నీళ్లు పోస్తాండారు, పోయనీ. నాగమ్మ పోసినా నీళ్లే, నేను పోసినా నీళ్లే" అంది అవ్వ. ఆ పరస అంతా నేల అంత తడిగా ఎప్పుడూ లేదు. ఫ్యూజు పోవడం కూడా అంతకు ముందెప్పుడూ లేనంత ఠంచనుగా పోయింది. ఉప్పమ్మకు సాయంత్రం పూట దీపాలు గిట్టవని వీధివాళ్లు చెప్పుకున్నారు. ఖాదరు స్తంభం మీది నుంచి ఆ మాట విని, చెప్పులు విడిచి స్తంభం ఎక్కలేదని తనమీద ఎక్కడ పడతారోనని గమ్మున ఉన్నాడు.

పరస అయిపోయింది. లారీ వచ్చింది. నాయన కడ్డీ పీకబోతే నాగమ్మ అడ్డం వచ్చింది. "ఎలసిన తల్లిని పీకుతారేమప్పా యాడన్నా?" అంది. వెనక వీధంతా నిలబడి ఉంది. నాయన అవ్వ వైపు చూశాడు. అవ్వ మూట తీసుకుని డబ్బా దిగింది. "కడ్డీ యాడుంటే నేనాడ. మీరు పోండి" అంది. హిందూపురం పంపాలనుకున్న మనిషి ధర్మవరంలోనే దిగిపోతే నాయనకు ఒక బస్సు చార్జీ మిగిలినట్టే. అయినా ఆయన మొహం పాలిపోయింది. నాలుగు రోజులుంటే ఆమెకే విసుగు పుట్టి మా మేనత్త ఇంటికి పోతుందిలే అన్నాడు, అమ్మతో కాదు, తనతోనే. నేను డబ్బా వెనక కిటికీలోంచి చూస్తూ ఏడ్చాను. అవ్వ చెయ్యి ఊపలేదు. చేతి వెనకవైపు నా వైపు తిప్పి చూపించింది. మరిచిపోకు అని.

పెనుకొండ ఉరుసుకు చేరిన రోజే ముసురు పట్టింది. ఖాదరు వైరు ఇచ్చాడు. కడ్డీ లేదు. బల్బు వెలిగింది. వాన పడుతున్నా వెలుగుతూనే ఉంది. ఫ్యూజు ఒక్కసారి పోలేదు. నాయన ముఖం చాలారోజుల తర్వాత విచ్చుకుంది. "చూసినారా? కడ్డీ లేకుంటే ఎంత చల్లగా ఎలుగుతాండాదో" అని పక్క అంగడివాళ్లకు కూడా చూపించాడు. వాళ్లూ ఆ బల్బును మెచ్చుకున్నారు. నేను పొద్దుగూకే వేళకు బురద కాళ్లతో వచ్చి, ఎక్కే ముందు చేతి వెనకవైపుతో తలుపు తాకాను. నా చెయ్యి ఎవరో కొట్టినట్టు ఎగిరిపోయింది. భుజం దాకా చిమచిమలాడింది. నాయనతో చెప్పాను. "చలికి అట్లుంటాదిలే, ఎక్కు" అన్నాడు. నేను ఎక్కలేదు. పోయి రాట్నం ఊయలలో కూర్చున్నాను. "అవ్వ వస్తేనే ఎక్కుతా" అన్నాను.

వాన పెద్దదైంది. అమ్మ తమ్ముణ్ని డబ్బాలోని గుడ్డ ఊయలలో పడుకోబెట్టి, నన్ను తీసుకుపోవడానికి తలుపు దగ్గరికి వచ్చింది. కింద నీళ్లు నిలిచి ఉన్నాయి. "అమ్మా దిగొద్దు! పిడి పట్టుకోవద్దు!" అని నేను అరిచిన అరుపుకు రాట్నం తిప్పే మనుషులు కూడా లేచి వచ్చారు. నాయనకు కోపం ముంచుకొచ్చింది. అవ్వ పోయినా అవ్వ పిచ్చి పోలేదని అన్నాడు. "ఏమైతాదో నేను చూపిస్తా చూడు" అని వట్టి కాళ్లతో నీళ్లలో నిలబడి తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు. చూపించాడు. చెయ్యి వదల్లేదు. నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. చుక్క నిలబడినట్టే నిలబడ్డాడు. నాయన పోతాడని, ఇప్పుడే నా కళ్ల ముందే పోతాడని నాకు తెలుసు. ఎందుకంటే నేను ముందు కూడా ఒకసారి చూశాను. ఖాదరు వెదురు కట్టెతో పరుగెత్తుకొచ్చి పైన లైను మీది కొక్కెం ఎగదోశాడు. దీపాలు ఆరిపోయాయి. నాయన బురదలో పడ్డాడు.

కొంతసేపటికి లేచి కూర్చుని, ఆయన అన్న మొదటి మాట, "ఫ్యూజు ఎందుకు పోలేదబ్బా?" అని. ఖాదరు రొప్పుతూ, "పోవాలంటే కరెంటు భూమిలోకి దిగే దావ ఉండాల కదప్పా. దావను ధర్మవరంలో పెట్టొచ్చినావు" అన్నాడు. అమ్మ ఏడవలేదు. కొంగుతో ఆయన ముఖం మీది బురద తుడిచి, "తెల్లారినాక పొయ్యి అత్తను పిలుచుకోని రా. లేకుంటే బిడ్డల్ని తీసుకోని నేనే ఆ కడ్డీ కాడికి పోతా" అంది. ఆ పూట మేమంతా, తమ్ముడితో సహా, రాట్నం కింద గోనెపట్టా కప్పుకుని పడుకున్నాం. డబ్బాకు కరెంటు లేకపోయినా దాని జోలికి ఎవరూ పోలేదు.

పొద్దున నాయన నన్ను వెంటపెట్టుకుని ధర్మవరం బస్సు ఎక్కాడు. ఎందుకు తీసుకుపోతున్నాడో చెప్పలేదు. ఒక్కడే పోయి అడగలేకని నాకు ఇప్పుడు తెలుసు. మేము పోయేసరికి అవ్వ నాగమ్మ వాళ్ల అరుగు మీద కూర్చుని ఉంది. ముందు కడ్డీ, చుట్టూ తడి, పూలు. నాయన పోయి ఎదురుగా నిలబడ్డాడు. అవ్వ ఆయన కుడి చెయ్యి చూసింది. వేళ్ల లోపల చర్మం కమిలి ఉంది.

"పట్టిందా?"

"పట్టింది."

"బిడ్డకు?"

"లేదమ్మా. తాకి చూసి, ఎక్కనని బయట్నే కూర్చునింది."

అవ్వ నా వైపు చూసింది. పొగడ్త ఏమీ లేదు. నా చెయ్యి తీసుకుని, తిప్పి, వెనకవైపు ఒకసారి రుద్ది వదిలేసింది. "నువ్వు లేకుంటే కుదర్దమ్మా. రా" అన్నాడు నాయన. నా ఎదుట ఆయన ఏడవడం అదొక్కసారే. అవ్వ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది. నాగమ్మతో, "అమ్మ పెనుకొండకు పోవాలంటాంది. ఆడ బిడ్డలు అల్లాడిపోతాండారంట. మళ్లా పరసకు వస్తాది" అంది. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. పీకుతామంటే అడ్డం వచ్చిన వీధి, ప్రయాణమంటే ఏర్పాట్లలో పడింది. కడ్డీకి నీళ్లు పోసి, పసుపు పూసి, ఒడిబియ్యం కట్టి, మగ్గం మీది నుంచి అప్పుడే కోసిన పట్టు రవికె గుడ్డ చుట్టారు. అంత మంచి పట్టు మా అమ్మ పెళ్లిలో కూడా కట్టలేదు.

బస్సులో రద్దీగా ఉంది. పసుపూ కుంకుమా పట్టూ చూసి ఒక పెద్దాయన లేచి సీటిచ్చాడు. కిటికీ పక్కన కడ్డీ, దాని పక్కన అవ్వ, అవ్వ ఒడిలో నేను. నాయన పెనుకొండ దాకా నిలబడే వచ్చాడు. కండక్టరు కడ్డీకి టిక్కెట్టు అడగబోయి, దండం పెట్టుకుని ముందుకు పోయాడు. దిగగానే అవ్వ గుంత తీయించింది. ఉప్పు, బొగ్గులు, నీళ్లు. ఖాదరు వైరు తగిలించాడు. టప్పున ఫ్యూజు పోయింది. ఉరుసు సగం ఆగిపోయింది. నాయన ఒక్కడే సంతోషంగా చీకట్లో నిలబడి, "పోయిందప్పా, పోయింది" అని అందరికీ చెప్పాడు. మర్నాడు ఆ రేకు బొక్క చుట్టూ రబ్బరు ముక్క పెట్టి కొత్త వైరు వేయించాడు. అవ్వను ఎక్కడో దించే మాట మళ్లీ ఎత్తలేదు. ఆమె ఆఖరి దాకా నా పక్కనే, ఆ బొంత మీదే పడుకుంది.

ప్రతి ఏడూ ధర్మవరం పరసకు కడ్డీ పోతే వీధి ఎదురొచ్చేది. అవ్వ పోయిన ఏడాది నాయన దాన్ని తీసుకుపోయి అదే చోట, తన చేతులతోనే గుంత తీసి పాతాడు. ఈసారి డబ్బాకు వైరు కట్టలేదు. పరస అయ్యాక పీకలేదు. రాట్నం కూడా ఆ ఏడాదే ఎవరికో ఇచ్చేశాడు. ఇప్పుడు అక్కడ నా నడుమెత్తు గుడి ఉంది, టైల్స్ వేశారు. ఉప్పు పొట్లాలు అమ్మే అంగడి ఒకటి పక్కనే వెలిసింది. గుడికి కరెంటు ఎక్కడి నుంచి తెచ్చారా అని పోయినప్పుడల్లా చూస్తాను. చేతి వెనకవైపుతోనే తాకి మొక్కుకుంటాను.

ఇన్ని మాటలు ఆ తుంపరలో రఘుకు చెప్పలేదు. ఎక్కనని మాత్రమే చెప్పాను. అతను కాసేపు నన్ను, కాసేపు ట్రిప్పరును చూసి, మేనేజరును ఆపాడు. నిదానమైన మనిషి. లోపల స్విచ్చులన్నీ కట్టేసి, ఒక్కొక్కటే వేస్తూ వచ్చాడు. ట్రైలరు బయట వేసిన గుడారం కింద వేలాడే దీపం వంతు వచ్చేసరికి ట్రిప్పరు పడింది. దాని గిన్నెలో వాన నీళ్లు నిండి ఉన్నాయి. దాన్ని విప్పి పక్కన పెడితే మిగతావన్నీ వెలిగాయి. మా కాలంలో రెండు వైర్లు, వెదురు కట్టె, ఒక ముసలామె. ఇప్పుడు భూమికి పోయే మూడో వైరు కేబులులోనే వస్తుంది, కడ్డీ స్తంభం కిందే ఉంటుంది, కాపలాకు ట్రిప్పరు ఉంది. అన్నీ మెరుగే. అడ్డమొచ్చిన దాన్ని పీకి పారేద్దామనే మనిషి మాత్రం ఏ కాలంలోనైనా ఒకడు గొడుగు వేసుకుని వస్తాడు.

కడ్డీ ఎక్కడుందని మేనేజరును అడిగాను. స్తంభం వెనక చిన్న సిమెంటు మూత చూపించాడు. ఎత్తి చూస్తే, పైన అంత వాన పడినా మూత కింద మట్టి పొడిగానే ఉంది. "ఎండల్లో నీళ్లు పోసేటోళ్లు మేడం" అన్నాడు. నేను చెంబు లేక సీసాతో నీళ్లు తెచ్చి పోశాను. మిన్ను పక్కన గొంతుక్కూర్చుని చూసింది. దాని చెయ్యి తీసుకుని తిప్పి, వెనకవైపు రుద్దాను. ఎందుకని అడిగింది. తలుపు తాకి చూపించాను. అది కూడా తాకి, ఏమీ కాలేదని నిరాశపడింది. ఆ తర్వాతే ఇద్దరం ఎక్కాం.

పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని దిగేసరికి సిమెంటు మూత మీద కుంకుమ బొట్టు, రెండు కనకాంబరాలు ఉన్నాయి. పక్క ట్రైలరులో తుమకూరు వాళ్లు దిగి ఉన్నారు. ఆ ఇంటావిడ నిన్న నేను నీళ్లు పోయడం చూసిందట. తలంటుకుని, తడి జుట్టు ముడేసుకుని, దూరంగా చెప్పులు విడిచి నిలబడి ఉంది. "ఇది యావ దేవ్రు అమ్మా?" అని మెల్లగా అడిగింది. నా నోట్లో ఆకువక్క కూడా లేదు. తప్పించుకోవడానికి సాకేదీ దొరకలేదు. మా ఇంటి దేవర అని కన్నడంలోనే చెప్పాను. రోజూ నీళ్లు పోయాలి, ఇంకేమీ అడగదు అన్నాను. ఆమె కళ్లకద్దుకుని లోపలికి పోయి, బకెట్టు నిండా నీళ్లతో తిరిగి వచ్చింది.